మావయ్య ఓడ వేరు, అమ్మమ్మ నడక వేరు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా అమ్మమ్మ పోయి ఏడు నెలలైంది. ఆధార్ ప్రకారం తొంభై అయిదు నిండాయి. రంగూన్‌లో పుట్టింది. యుద్ధంలో బాంబులు పడితే అమ్మానాన్నలతో నడుచుకుంటూ వచ్చేశామని, దారిలో ముందు పళ్ళు ఊడితే అడవిలోనే పారేశానని చెప్పేది. పెళ్ళయ్యాక తాతయ్యతో మళ్ళీ రంగూన్ వెళ్ళింది. పెద్దమావయ్య అక్కడే పుట్టారు. తిరిగి వచ్చేశాక కంచరపాలెం బర్మా క్యాంపులో కాపురం, పోర్టు గేటు దగ్గర ఇడ్లీలు అమ్మి అయిదుగురిని పెంచడం. ఆవకాయ జాడీలో బంగారం దాచి తెచ్చానని చెప్పేది. డెబ్బై దాటాక ఒకసారి సింహాచలం వెళ్తున్నానని చెప్పి పోర్ట్‌బ్లెయిర్ ఓడ ఎక్కేసింది! ఇవన్నీ రాసి సంవత్సరీకం నాటికి రెండు వందల కాపీలు వేసి చుట్టాలకి పంచాలని నా కోరిక. మావయ్య మాత్రం "నడవడం ఏంటి, మేం ఓడలో వచ్చాం, ఎనిమిదేళ్ళ వాణ్ణి, నాకు బాగా గుర్తు, అమ్మవన్నీ కోతలు" అంటారు. భీమిలిలో చిన్నమ్మమ్మ ఉంది కానీ నడిచి వచ్చేటప్పటికి ఆవిడ ఇంకా వాళ్ళమ్మ కడుపులోనే ఉంది కాబట్టి అడిగి లాభం లేదు. ఇంకోటి, ట్రంకుపెట్టెలో ఒక బర్మా ఆవిడ ఫోటో దొరికింది, ఒళ్ళో చిన్నపిల్ల. ఎవరని అడిగితే మావయ్య లేచి వెళ్ళిపోయారు. తాతయ్యకి అక్కడ ఇంకో సంసారం ఉండేదని అమ్మ మెల్లగా చెప్పింది. ఇవన్నీ రాయొచ్చా? రాయడానికి కూర్చుంటే స్కూలు వ్యాసంలా వస్తోంది, లేదంటే ఏడుపొస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదువుకోండి. మావయ్య చెప్పేది నిజం, అమ్మమ్మ చెప్పిందీ నిజం. ఇద్దరూ ఒకే ప్రయాణం గురించి చెప్తున్నారని మీ ఇంట్లో అందరూ అనుకోవడం వల్లే ఇన్నాళ్ళూ ఈ గొడవ.

మీ అమ్మమ్మ రంగూన్ నుంచి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పళ్ళు ఊడే వయసులో, యుద్ధంలో. రెండోసారి పిల్లల తల్లిగా, యుద్ధం లేనప్పుడు. రెండోసారి వచ్చినప్పటిదే మావయ్య ఓడ. 1962 మార్చి 2న బర్మాలో సైన్యం అధికారం లాక్కుంది, నే విన్ ప్రభుత్వం వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళలో దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు వరసగా జాతీయం చేసేశారు. 1964 మే 17న యాభై, వంద చాట్ల నోట్లు (చాట్ అంటే బర్మా డబ్బు) చెల్లవన్నారు. చేతిలో ఉన్నది కాగితమైపోయింది, చేసుకునే పని పోయింది, ఇక అక్కడ ఉండి చేసేదేముంది? లక్షల మంది మనవాళ్ళు తిరిగొచ్చారు. ఓడలు మద్రాసుకీ మన విశాఖకీ వచ్చేవి. వచ్చేటప్పుడు డబ్బూ బంగారం తెచ్చుకోవడానికి ఆంక్షలు ఉండేవి, అందుకే ఆ ఆవకాయ జాడీ. ఆ కథ 1942లో, యుద్ధంలో నడిచొచ్చినప్పటిది అయ్యుండదు, ఎందుకంటే కొండల మీద జాడీ మోసుకుంటూ ఎవరూ నడవరు.

ఇప్పుడు నడక సంగతి. రంగూన్ మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబర్ 23న. 1942 మార్చి 8కి ఊరు జపాన్ చేతికి వచ్చేసింది. ఈ మధ్యలో, ఆ తర్వాత కూడా, అక్కడున్న మనవాళ్ళు లక్షల్లో బయల్దేరారు. డబ్బున్నవాళ్ళకీ తెల్లవాళ్ళకీ ముందుగా ఓడ టిక్కెట్లు దొరికాయి. మిల్లుల్లో, రేవులో పనిచేసే మన ఉత్తరాంధ్ర కూలీలకి కాళ్ళే దిక్కు. ముఖ్యంగా మూడు దారులుండేవి. ఒకటి ప్రోమ్ నుంచి కొండలు దాటి తౌంగుప్ మీదుగా అరకాన్ తీరానికి, రెండోది తము మీదుగా మణిపూర్ ఇంఫాల్‌కి, మూడోది అన్నిటికన్నా ఘోరమైనది, ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లెడోకి. రంగూన్‌లో కూలి చేసుకునేవాళ్ళలో చాలామంది పట్టింది మొదటి దారి. నీళ్ళు లేవు, కలరా. దారి పొడవునా శవాలు. అలా తౌంగుప్ చేరినవాళ్ళు అక్కణ్ణుంచి పడవల్లో అక్యాబ్ రేవుకి, అక్కణ్ణుంచి స్టీమర్‌లో చిట్టగాంగ్‌కి వెళ్ళేవారు. అంటే "నడిచొచ్చాం" అన్నదీ నిజమే, ఆ నడక చివర కొంత పడవ ఉన్నా అదీ నిజమే. అమ్మమ్మ ఒక్కోసారి నడిచామని, ఒక్కోసారి ఓడెక్కామని చెప్పి ఉంటే మాట మార్చింది అనుకోకండి, అది ఆ దారే అలాంటిది. మీవాళ్ళు ఏ దారిన వచ్చారో మాత్రం మీరే కనుక్కోవాలి. ఎవరైనా "చిట్టగాంగ్" అనో "మణిపూర్" అనో ఒక్క మాట విని ఉంటే చాలు, దారి తేలిపోతుంది.

వయసు లెక్క కూడా ఆవిడే మీకు ఇచ్చిపోయింది. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది, పందెం కాస్తాను. మన పెద్దవాళ్ళలో సగం మంది జనవరి 1న పుట్టినవాళ్ళే, కౌంటర్లో కూర్చున్న అబ్బాయి "ఏడాది చెప్పు మామ్మా" అంటే వేళ్ళ మీద లెక్కేసి చెప్పేసిన ఏడాదితో సహా. దానికన్నా ఊడిన పళ్ళు నమ్మకమైన సాక్ష్యం. ముందు పాలపళ్ళు ఊడేది ఆరేడేళ్ళప్పుడు. 1942 మొదట్లో పళ్ళు ఊడుతున్నాయంటే 1935 ప్రాంతంలో పుట్టి ఉంటుంది, పోయేనాటికి తొంభై, అటూ ఇటూగా. తొంభై అయిదు అని పుస్తకం అట్ట మీద వేయకండి. తొంభై తక్కువేం కాదు.

ఆవిడ వైజాగ్ చేరిన రోజుల గురించి ఏమైనా చెప్పేదా? 1942 ఏప్రిల్ 6న ఇక్కడ కూడా జపాన్ బాంబులు పడ్డాయి, కాకినాడ మీద కూడా అదే రోజు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగులు తీశారు. రంగూన్‌లో బాంబుల నుంచి పారిపోయి వందల మైళ్ళు దాటి వస్తే సొంత ఊళ్ళో కూడా అవే బాంబులు! "మేం ఊళ్ళోకొస్తే ఊరు బయటికెళ్తోంది" లాంటి మాట ఎవరికైనా చెప్పి ఉంటే, వాళ్ళు వచ్చింది ఆ ఏప్రిల్‌లోనే అని మీకు తెలిసిపోతుంది. తారీఖులు అడిగితే పెద్దవాళ్ళు చెప్పలేరు. అప్పుడు ఊళ్ళో ఏం జరుగుతోందో అడిగితే టకటకా చెప్తారు.

ఇక అసలు సంగతి. మీ పుస్తకానికి మావయ్యే అడ్డం అనుకుంటున్నారు మీరు. నాకు ఆయన మీ దగ్గర మిగిలిన మొదటి సాక్షిలా కనిపిస్తున్నారు. రంగూన్‌లో పుట్టి, ఎనిమిదేళ్ళు అక్కడ తిరిగి, ఆ భాషలో తిట్టడం కూడా నేర్చుకుని ఉండే మనిషి ఆయన. ఓడ దిగినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నది మీ అమ్మమ్మే కదా. అలాంటి మనిషిని మీరు "అమ్మమ్మ నడిచింది అవునా కాదా" అని వాదనకి లాగుతున్నారు. ఆయన ప్రయాణం గురించి ఈ ఇంట్లో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా? అమ్మమ్మ మాటకారి, ఆవిడ ఉన్నంతకాలం ఇంకెవరి కథకీ ఆ ఇంట్లో చోటు దొరికి ఉండదు (ఇలాంటి అమ్మమ్మలున్న ప్రతి ఇంట్లో ఇదే తంతు).

"కోతలు" అనే మాట వెనక ఇంకోటి కూడా ఉంటుందని నా అనుమానం. మీకు ఆ ఇడ్లీల బండి సాహసంలా అనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని మీరు అన్నం తిని, పడుకునే ముందు విన్నారు. ఆయన స్కూలుకి వెళ్ళేముందు ఆ గిన్నెలు మోశారు. క్యాంపు పిల్లాడని, బర్మావోడని అనిపించుకుని ఉంటారు. తల్లి నవ్వుతూ చెప్పిన ప్రతి కథలోనూ ఆయన ఒక మూల ఆకలితో కూర్చుని ఉన్నారు. అందుకే మనవలు చప్పట్లు కొట్టే చోట ఆయనకి ఒళ్ళు మండుతుంది. దాన్ని అసూయ అనుకోకండి.

ఆయన దగ్గరికి ఒక్కరే వెళ్ళండి. పుస్తకం పేరు ఎత్తకండి, మొదటి పూట ఫోన్ కూడా బయటికి తీయకండి. "మావయ్యా, ఓడలో ఎక్కడ పడుకున్నారు?" అని అడగండి. అంతే. ఏం తిన్నారు, ఎవరికి వాంతులయ్యాయి, రాత్రిళ్ళు చలేసిందా, మూటల్లో ఏమేం ఉన్నాయి, రేవులో దిగగానే ఎవరొచ్చారు, మొదటి రాత్రి ఎక్కడ పడుకోబెట్టారు, క్యాంపులో నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేవారు, ఏ బళ్ళో వేశారు, తెలుగు అక్షరాలు అప్పటికి వచ్చా రావా. ఎనిమిదేళ్ళ పిల్లలకి ప్రభుత్వాలూ చట్టాలూ గుర్తుండవు, ఇలాంటివే గుర్తుంటాయి. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే రెండు ముక్కలు చెప్పి టీవీ పెట్టేస్తారేమో, కారెక్కించుకుని కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోర్టు వైపు, అక్కణ్ణుంచి కంచరపాలెం తీసుకెళ్ళండి. బర్మా క్యాంపు పేరు ఇంకా ఉంది, ఆ వీధుల్లో నడుస్తుంటే "ఇక్కడ బోరింగు ఉండేది, అక్కడ ఫలానావాళ్ళుండేవారు" అని ఆయనే మొదలుపెడతారు. ముందు ఆయన ఓడ గురించి పూర్తిగా వినండి. తర్వాత ఎప్పుడో, తొందర లేకుండా, రెండు ప్రయాణాల లెక్క ఆయన ముందు పెట్టండి. గెలిచినట్టు మొహం పెట్టకండి.

చిన్నమ్మమ్మ విషయంలో మాత్రం మీ ఆలోచన పూర్తిగా తప్పు. నడిచేటప్పుడు ఆవిడ కడుపులో ఉందంటే, ఆ దారంతా ఆవిణ్ణి మోసిన మనిషి నోటి నుంచి ఆ కథ విన్న ఆఖరి మనిషి ఆవిడే. మీ అమ్మమ్మ చెప్పింది ఏడేళ్ళ పిల్ల చూసిన నడక. చిన్నమ్మమ్మ దగ్గరున్నది నిండు కడుపుతో నడిచిన తల్లి చెప్పిన నడక. ఏం తినేవారు, ఎవరు మోశారు, దారిలో ఎవరు పోయారు? చిన్నపిల్లకి చెప్పకుండా దాచిన చావులు తప్పకుండా ఉంటాయి. ఆవిడ పుట్టిన నెల కూడా అడగండి. దసరాకి ముందా తర్వాతా, వానల్లోనా? బడి సర్టిఫికెట్ ఉంటే ఇంకా మంచిది. దాన్ని బట్టి నడక ఎప్పుడు జరిగిందో వెనక్కి లెక్కేసుకోవచ్చు. అంతేకాదు, భీమిలి నుంచి వీళ్ళు అసలు రంగూన్ ఎందుకు వెళ్ళారో కూడా ఆవిడకే తెలిసి ఉంటుంది. ఆ రోజుల్లో భీమిలి రేవులో కూడా రంగూన్ స్టీమర్లు ఆగేవి, కళింగపట్నంలో, కాకినాడలో, గోపాల్‌పూర్‌లో కూడా. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం, పాస్‌పోర్టు గొడవ లేదు. కోతల కాలం అయిపోయాక, పని లేని నెలల్లో, అప్పు తీర్చడానికో చెల్లెలి పెళ్ళికో ఓడెక్కేసేవారు. అక్కడ రైస్ మిల్లుల్లో, రేవులో, రిక్షాల మీద తెలుగువాళ్ళే ఎక్కువ. అలాగని అందరూ ప్రేమగా చూశారనుకోకండి, 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పనుల దగ్గర తెలుగువాళ్ళకీ బర్మావాళ్ళకీ పెద్ద కొట్లాటలయ్యాయి, చాలామంది చచ్చిపోయారు. మీ ముత్తాతగారు అప్పటికి అక్కడున్నారా లేదా అన్నది కూడా తెలుసుకోదగ్గదే.

ఇప్పుడు ఫోటో. మెల్లగా నడవాల్సిన చోటు ఇది.

అలాంటి సంసారాలు రంగూన్‌లో కొత్తేమీ కాదు. పనికోసం వెళ్ళిన మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోయేవారు, అక్కడి ఆడవాళ్ళతో కాపురాలు పెట్టేవారు, కొందరు పెళ్ళి అన్నారు కొందరు అనలేదు. వచ్చేసేటప్పుడు వాళ్ళు అక్కడే ఉండిపోయారు. మీ అమ్మమ్మ ఆ ఫోటోని చింపెయ్యకుండా అరవై ఏళ్ళు తన పెట్టెలో పెట్టుకుంది, అది గమనించారా? ఎందుకు పెట్టుకుందో మీరు ఊహించి రాయకండి. "పెద్ద మనసు" అనో "కడుపుమంట" అనో మీకు నచ్చింది అతికించడం తేలిక, ఆవిడ ఏమనుకుందో ఆవిడతోనే పోయింది.

మావయ్య లేచి వెళ్ళిపోవడానికి పరువు ఒక కారణం కావచ్చు. ఇంకో కారణం కూడా ఆలోచించండి. ఎనిమిదేళ్ళ పిల్లాడు అదే ఊళ్ళో ఉన్న అక్కనో చెల్లెల్నో చూసే ఉంటాడు, కలిసి ఆడుకునే ఉంటాడు. ఆ ఒళ్ళో పిల్ల ఆయనకి పేరుతో సహా గుర్తుండొచ్చు. ఓడెక్కినప్పుడు ఆ పిల్ల ఒడ్డున ఉండిపోయింది. ఇది నా ఊహే, కానీ ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ ఊహ మనసులో పెట్టుకుని మాట్లాడండి, తాతయ్య గుట్టు లాగే డిటెక్టివ్‌లా కాకుండా.

రాయాలా వద్దా అంటే, సంవత్సరీకానికి పంచే పుస్తకంలో వద్దు. మీ తాతయ్య, అమ్మమ్మ ఇద్దరూ లేరు కాబట్టి వాళ్ళకి పోయేదేం లేదు. బతికున్నది మావయ్య, బహుశా ఆ పిల్ల కూడా. వాళ్ళకి తెలియకుండా రెండు వందల మంది చుట్టాల చేతుల్లో ఆ సంగతి పెట్టే హక్కు మీకు లేదని నా అభిప్రాయం. అలాగని అబద్ధం రాయకండి. "తాతయ్య జీవితమంతా అమ్మమ్మే లోకంగా బతికారు" లాంటి వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. చెప్పకుండా వదిలేయడం వేరు, ఉన్నదాని మీద సున్నం కొట్టడం వేరు. మీకు తెలిసింది, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో విడిగా ఒక కాగితం మీద రాసి ఆ ఫోటోతో పాటు కవర్లో పెట్టండి. మావయ్య ఏనాడైనా నోరు విప్పితే దానికి కలపండి. ఇంకో ఇరవై ఏళ్ళకి మీ పిల్లల్లో ఒకరు వెతుక్కోవచ్చు, అటువైపు నుంచి ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చు కూడా. అప్పుడు ఆ కాగితం లేకపోతే ఎవరికీ ఏమీ దొరకదు.

రాయడం స్కూలు వ్యాసంలా వస్తోందన్నారు. వస్తుంది మరి, "మా అమ్మమ్మ గొప్ప ధైర్యశాలి" అని మొదలుపెట్టి ఉంటారు. ఆ వాక్యం కొట్టేసి ఆవిడ మాటే పెట్టండి, ఆవిడ యాసలోనే. "నడిసీ నడిసీ ఒచ్చీసినాం" అని ఆవిడ అంటే "మేము చాలా దూరం నడిచి వచ్చాము" అని దిద్దకండి. దిద్దినచోటల్లా ఆవిడ పోయి మీ తెలుగు టీచరు వచ్చి కూర్చుంటుంది. వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్లోనో కజిన్ల ఫోన్లలోనో తప్పకుండా ఉంటాయి, "పాపా తిన్నావా" లాంటి చిన్నవైనా సరే. ఇవాళే అందరినీ అడిగి తెప్పించుకోండి, ఫోన్లోంచి బయటికి తీసి ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోనో క్లౌడ్‌లోనో ఇంకో కాపీ పెట్టండి. ఫోన్ మార్చినప్పుడు పాత చాట్ ఎగిరిపోవడం మన అందరికీ తెలిసిందే. వాటిని వింటూ ఆవిడ ఎలా మాట్లాడేదో అలా రాసుకోండి. ఏడుపొస్తే రానివ్వండి, రాసిన కాగితం ఎక్కడికీ పోదు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో నడకకి మూడు వాక్యాలున్నాయి, పోర్ట్‌బ్లెయిర్‌కి ఒక ఆశ్చర్యార్థకం ఉంది, కానీ ఏళ్ళ తరబడి ఇడ్లీలు అమ్మడం అర వాక్యంలో అయిపోయింది. నాకైతే ఆ అర వాక్యమే చదవాలని ఉంది. ఎన్ని గంటలకి లేచేది? పప్పు రోట్లో రుబ్బేదా, ఎవరు సాయం పట్టేవారు? పొట్టు పొయ్యా, కట్టెలా? షిఫ్టు మారే టైంకి అందించాలంటే ఎప్పటికల్లా మొదటి వాయి దించాలి? చట్నీకి శనగపప్పా, కొబ్బరా? కూలీలకి అరువు ఎలా ఇచ్చేది, చదువు రాని మనిషి ఖాతా ఎలా గుర్తుపెట్టుకునేది, గోడ మీద బొగ్గు గీతలా? ఎగ్గొట్టిన వాణ్ణి ఏం తిట్టేది? వానాకాలం ఏం చేసేది? తుపాను రోజుల్లో? సమ్మె జరిగితే ఇంట్లో పొయ్యి వెలిగేదా? యుద్ధం వల్ల నడక తప్పలేదు, ఎవరైనా నడిచేవారు. ఈ ఇడ్లీలు మాత్రం ప్రతి తెల్లవారుజామున ఆవిడ లేస్తేనే అయ్యేవి. ఇవన్నీ మీ అమ్మకి, పిన్నులకి తెలుసు, వాళ్ళే పప్పు రుబ్బి ఉంటారు. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి అడగండి, ఒకరు శనగపప్పంటే ఇంకొకరు కాదంటారు. అది ఆపకండి, ఆ పోట్లాటలోనే అన్నీ బయటికొస్తాయి.

వాళ్ళు చెప్పేవి ఒకదానికొకటి పొసగకపోతే ఏం చెయ్యాలని అడుగుతారేమో. రెండూ రాయండి, ఎవరిది వాళ్ళ పేరు మీద. జాడీలో గొలుసుందని అమ్మ, గాజులని పిన్ని, జాడీయే లేదని మావయ్య. మూడూ వరసగా పెట్టేయండి, చదివేవాళ్ళు చూసుకుంటారు. పచ్చి అబద్ధమని తెలిసిన కథని కూడా తీసేయకండి. బీచ్ రోడ్డులో ఉన్న జలాంతర్గామిని చూపించి "ఇదే పాకిస్తానోళ్ళది, ఇది మునిగిన రాత్రి నేను చూశాను" అని మనవలకి చెప్పిన అమ్మమ్మలు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, మీ అమ్మమ్మ కూడా చెప్పే ఉంటుంది. అక్కడున్నది మన నేవీ కుర్సురా, 2002లో మ్యూజియం చేశారు. మునిగింది ఘాజీ, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక, అదింకా సముద్రం అడుగునే ఉంది. కానీ ఆ రాత్రి పేలుడు ఊళ్ళోకి వినపడ్డ మాట నిజం, కిటికీ అద్దాలు అదిరాయి. బ్లాక్ అవుట్ రోజులవి, దీపాలు ఉండేవి కావు. ఇడ్లీల కోసం రాత్రి లేచే మనిషి చీకట్లో ఏం చేసి ఉంటుందో అడగండి, పడవ తేడా కింద ఒక్క లైనులో చెప్పేస్తే సరిపోతుంది.

పోర్ట్‌బ్లెయిర్ మాటకొస్తే, వైజాగ్ నుంచి దాదాపు మూడు రోజుల ఓడ ప్రయాణం అది. డెబ్బై దాటిన మనిషి సరదాకి ఎక్కిందంటే నేను నమ్మను. టిక్కెట్ ఎవరు తీశారు, అక్కడ ఎవరింట్లో ఉంది, ఏం తెచ్చింది? అండమాన్‌లో మన శ్రీకాకుళం, విశాఖ వాళ్ళు చాలామంది ఉన్నారు, పాత క్యాంపు స్నేహితురాలెవరైనా ఉండొచ్చు. తిరిగొచ్చాక ఇంట్లో ఎంత గొడవైందో కూడా మర్చిపోకుండా రాయండి, అది లేకపోతే కథ సగమే.

కాగితాల విషయానికొస్తే, ట్రంకుపెట్టె అడుగున వేసిన న్యూస్‌పేపర్ కింద కూడా చూడండి. బర్మాలో విదేశీయులకి ఇచ్చిన రిజిస్ట్రేషన్ పుస్తకం, తిరిగొచ్చినవాళ్ళకి ఇక్కడ ఇచ్చిన కార్డు, ఇంటి పట్టా, మావయ్య స్కూలు టీసీ, ఇందులో ఏ ఒక్కటి దొరికినా ఓడ వచ్చిన ఏడాది ఖాయమవుతుంది. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ అనే సైట్‌లో 1942 బర్మా కాందిశీకుల ఫైళ్ళు వెతకొచ్చు, కానీ అది తర్వాతి పని. ఫైళ్ళు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. తడిసి ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలేమైనా ఉంటే, హుద్‌హుద్ తుపానుకి ఈ ఊళ్ళో సగం ఆల్బమ్‌లు అలాగే అయ్యాయి, గోటితో లాగకండి. ఉన్నవి ఉన్నట్టే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకుని, విడదీసే పని తెలిసిన స్టూడియో వాళ్ళకి ఇవ్వండి. ఫోటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ముందువైపు అచ్చు పడుతుంది.

ఇక రెండు వందల కాపీలు. వద్దు, ఇప్పుడే వద్దు. అయిదు నెలల్లో తేలేది కాదిది, తొందరపడి వేస్తే తప్పులన్నీ అచ్చులో నిలబడిపోతాయి, తర్వాత అందరూ దాన్నే ప్రమాణం అంటారు. సంవత్సరీకానికి జిరాక్స్ షాపులో ఇరవై కాపీలు స్పైరల్ చేయించండి, పెద్ద అక్షరాలు, ప్రతి పేజీలో సగం ఖాళీ. భోజనాలయ్యాక వక్క నములుతూ అందరూ చాపల మీద చేరతారు కదా, అప్పుడు ఒక్కొక్కరికి ఒక కాపీ, ఒక పెన్ను. "తప్పులుంటే దిద్దండి" అనండి చాలు. తప్పు చూపించమంటే మన చుట్టాలు ఎంత ఉత్సాహంగా ముందుకొస్తారో మీకు తెలియంది కాదు. మావయ్య ఓడ గురించి చెప్పింది ఆయన పేరుతోనే, ఆయన మాటల్లోనే అందులో ఉండాలి, కానీ ఆయన ముందుగా చదివి సరే అన్నాకే. ఆ ఇరవై కాపీలూ వెనక్కి తీసుకోండి, ఇంటికి పట్టుకుపోనివ్వకండి. రంగుల పుస్తకం రెండో ఏడాదికి వేసుకోవచ్చు.

భీమిలికి మాత్రం ఈ ఆదివారమే వెళ్ళండి. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం భోజనం చేస్తే నిద్రపోతారు, పొద్దున్న టిఫిన్ టైంకే చేరిపోండి. ఇడ్లీలు పట్టుకెళ్ళినా బాగానే ఉంటుంది, చట్నీ బాలేదని మొదలుపెట్టి అక్కయ్య గురించి ఆవిడే చెప్తారు.